కాలేజీ ఫుట్‌బాల్ 2020: చూడకుండా ఉండలేం, చూస్తే మనసొప్పదు (టీవీ ప్రసారాల గోల కూడా ఇక్కడే)

బకై_బాబాయ్ | 22 నవంబర్ 2020

నిన్న టల్లహాసీలో క్లెమ్సన్–ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీల అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌ని కరోనా వల్ల మొదలవడానికి సుమారు 3 గంటల ముందు ఆపేశారు. క్లెమ్సన్ టీమ్ అప్పటికే ఊళ్లో దిగి ఉంది. లక్షణాలున్న ఆటగాడు ఒకడు ముందు టెస్టుల్లో నెగటివ్ వచ్చాడని టీమ్‌తో పాటే ప్రయాణం చేశాడు, తర్వాతి టెస్టులో పాజిటివ్ తేలాడు. రెండు జట్ల డాక్టర్లూ మాట్లాడుకుని ఒక మాట మీదకి రాలేకపోయారు. వారం కిందట మా ఒహాయో స్టేట్–మేరీలాండ్ మ్యాచ్ కూడా ఇలాగే పోయింది.

ఆట ఉంటే చూస్తున్నాం. ఆగిపోతే తిడుతున్నాం. జీతం లేని 20 ఏళ్ల పిల్లల ముక్కులో రోజూ పుల్ల పెట్టి మన శనివారం గడవడానికి ఆడిస్తున్నారన్న సంగతి మాత్రం బ్రేక్‌లో గుర్తొస్తోంది. ఇక ప్రసారాలంటారా, ఖాళీ స్టాండ్లు, దొంగ హోరు (జనం లేకపోయినా కలిపే రికార్డు అరుపులు), ఒకరి మాట మీద ఒకరు పడే కామెంటేటర్లు. రెండిటి గురించీ ఇక్కడే మాట్లాడుకుందాం. షరతు ఒక్కటే, అసలు వైరస్ ఉందా లేదా అనే వాదన ఈ దారంలో వద్దు.

పీచ్‌ట్రీ_పెద్దబ్బాయి | 22 నవంబర్

"ఆడిస్తున్నారు" అనడం పూర్తిగా న్యాయం కాదు బాబాయ్. ఆగస్టులో ట్రెవర్ లారెన్స్ (క్లెమ్సన్), జస్టిన్ ఫీల్డ్స్ (ఒహాయో స్టేట్) లాంటి క్వార్టర్‌బ్యాక్‌లే, అంటే బంతి విసిరి ఆట నడిపేవాళ్లే, మేం ఆడతాం మొర్రో అని ముందుకొచ్చారు. అంతకు వారం ముందు పాక్-12 (పశ్చిమ రాష్ట్రాల కాలేజీల లీగ్) ఆటగాళ్లు కూడా మాట్లాడారు, కాకపోతే ఆరోగ్య భద్రత, ఆదాయంలో వాటా ఇస్తేనే ఆడతామన్నారు. ఈ రెండు గుంపులూ కలిసి ఒక ప్రకటన ఇచ్చాయి కూడా, ఆ సంగతి టీవీ వాళ్లు ఎత్తరు.

ఇంకోటి, ఫుట్‌బాల్ డబ్బు ఆగితే ముందు మునిగేది కుస్తీ, ఈత, వాలీబాల్. స్టాన్‌ఫర్డ్ జులైలోనే 11 క్రీడల్ని ఎత్తేస్తున్నట్టు చెప్పింది. అయోవా ఆగస్టులో 4 తీసేసింది. ఆపేయమనడం తేలిక.

బకై_బాబాయ్ | 22 నవంబర్

తమ్ముడూ, కుస్తీ పిల్లల స్కాలర్‌షిప్ క్వార్టర్‌బ్యాక్ ఊపిరితిత్తుల మీద ఆధారపడి ఉందంటే, తప్పు ఆ లెక్కలు రాసినవాడిది కదా?

రిమోట్_రాంబాబు | 23 నవంబర్

ప్రసారాల మీద తిట్లలో సగం కామెంటేటర్లకి తగలాల్సినవి కావు. పద్ధతే మారింది.

మామూలు రోజుల్లో పెద్ద మ్యాచ్‌కి స్టేడియం పక్కన ప్రొడక్షన్ ట్రక్కులు నిలబడతాయి. డైరెక్టర్, ప్రొడ్యూసర్, రీప్లే వాళ్లు, గ్రాఫిక్స్ వాళ్లు, ఆడియో మిక్సర్ అంతా ఆ ఇరుకులో మోచేతులు తగిలేట్టు కూర్చుంటారు. కరోనాకి అంతకన్నా మంచి ఇల్లు దొరకదు. అందుకని ఈ ఏడు చాలా మ్యాచ్‌లకి కెమెరా వాళ్లని, కొద్దిమంది ఇంజనీర్లని మాత్రమే స్టేడియంలో ఉంచుతున్నారు. ఒక్కో కెమెరా బొమ్మా విడివిడిగా ఫైబర్ మీద కంట్రోల్ రూమ్‌కి వెళ్తుంది. ఈఎస్‌పీఎన్ అయితే బ్రిస్టల్‌కో షార్లెట్‌కో. ఏ కెమెరా ఎప్పుడు తెర మీదకి రావాలో అక్కడ తేలుస్తారు. పెద్ద మ్యాచ్‌లకి కామెంటేటర్లు స్టేడియంలోనే దూరదూరంగా కూర్చుంటున్నారు, చిన్నవాటికి చాలామంది ఇంటి నుంచే.

తేడా కొట్టేది ఇక్కడే. స్టేడియంలో ఉన్న కామెంటేటర్ మైదానం మొత్తాన్ని కళ్లతో చూస్తాడు. పక్కన స్పాటర్ నిలబడి ఎవరు పట్టారో, ఎవరు పడేశారో వేలు పెట్టి చూపిస్తాడు. ఇంట్లో ఉన్నవాడికి మానిటర్లే దిక్కు. మనం చూసే బొమ్మ బంతి చుట్టూ బిగించి ఉంటుంది, వెనకాల కాపు కాసే సేఫ్టీ ఆటగాడు ఎటు కదిలాడో అందులో కనపడదు. పచ్చగడ్డి మీద పసుపు గుడ్డ (రిఫరీ తప్పు పట్టాడనే ఫ్లాగ్) పడినా ఫ్రేము బయట పడితే తెలీదు. అందుకే 22 మందీ కనపడే వెడల్పు షాట్ ఒక మానిటర్లో, గడియారం, స్కోర్‌బోర్డు ఇంకోదాంట్లో ఇస్తారు. ఆ రెండోది లేని మ్యాచ్ పది నిమిషాల్లో పట్టేయొచ్చు. ఆట అయ్యాక కూడా "ఫ్లాగ్ ఏమైనా ఉందా?" అని కామెంటేటరే అడుగుతుంటాడు.

ఒకరి మీద ఒకరు పడడానికి కారణం ఆలస్యం. బొమ్మని కుదించి పంపాలి, అవతల విప్పాలి. ఇద్దరు రెండు ఊళ్లలో ఉంటే ఒకడి మాట ఇంకోడికి కాస్త ఆలస్యంగా వినపడుతుంది. బూత్‌లో అయితే మోచేత్తో పొడిచి "నువ్వు చెప్పు" అంటారు. ఇప్పుడు ఆ పొడుపు లేదు. కాస్త తెలివైన జోడీలు వాక్యం చివర అవతలివాడి పేరు పిలిచి ఆపుతున్నారు, వినండి, తెలిసిపోతుంది.

85 ఏళ్ల లీ కోర్సోని ఓర్లాండోలో ఆయన ఇంట్లోనే కూర్చోబెట్టి ఈఎస్‌పీఎన్ మ్యాచ్‌ల ముందు షో గేమ్‌డే నడుపుతున్నారు. ఈ మొత్తం ఏర్పాటులో నాకు ఏ వంకా కనపడని ముక్క అదొక్కటే.

టస్కలూసా_తాతారావు | 23 నవంబర్

అదంతా సరే గానీ ఆ దొంగ హోరు ఎందుకండీ? మా అలబామా స్టేడియం బ్రయంట్-డెన్నీలో 20 శాతం జనానికే అనుమతి, అంటే 19,424 మంది. టీవీలో మాత్రం లక్షమంది అరిచినట్టు వస్తుంది. తెర మీద ఖాళీ బల్లలు, చెవిలో జాతర.

రిమోట్_రాంబాబు | 23 నవంబర్

తాతారావు గారూ, అది తీసేస్తే వినపడేది నిశ్శబ్దం కాదు, కోచ్‌ల బూతులు. మైదానం అంచున గిన్నెల్లాంటి పారాబోలిక్ మైకులు ఉంటాయి, ప్యాడ్ల దెబ్బ, క్వార్టర్‌బ్యాక్ పిలుపు పట్టడానికి. జనం ఉంటే ఆ హోరు కింద మిగతావన్నీ దాక్కుంటాయి. జనం లేకపోతే 40 గజాల అవతలి తిట్టు కూడా స్పష్టంగా పడుతుంది. అందుకని కింద ఒక సన్నని గుసగుస ఎప్పుడూ నడుస్తుంది, దానిపైన సందర్భాన్ని బట్టి ఒకడు ఫేడర్ (శబ్దం పెంచే మీట) ఎత్తుతాడు. కథ చెడేది ఆ ఎత్తడంలోనే. బంతి పట్టాక హోరు రావాలి, వాడు బొమ్మ చూసి స్పందించేసరికి అర సెకను దాటుతుంది. బంతి జారిపోయిందని తెలిసినా పైకెత్తిన హోరు టక్కున కోయలేడు. అసలు జనం క్యాచ్ కన్నా ముందే, బంతి గాల్లో ఉండగానే లేస్తారు. మన చెవి పట్టేసే అబద్ధం అదే.

పీచ్‌ట్రీ_పెద్దబ్బాయి | 24 నవంబర్

ఇంట్లో హోరు తగ్గించుకునే దారి ఉందా? మా నాన్నగారు మ్యూట్‌లోనే చూస్తున్నారు.

రిమోట్_రాంబాబు | 24 నవంబర్

ఉంది, కాకపోతే ప్రసారం 5.1 (అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) అయితేనే. స్ట్రీమింగ్‌లో చాలాసార్లు స్టీరియోయే వస్తుంది, రిసీవర్ డిస్‌ప్లే మీద చూసుకోండి. 5.1 ఉంటే సెంటర్ స్పీకర్ వైరు ఒక్కసారి పీకండి. కామెంటరీ మాయమైతే మాట సెంటర్‌లో ఉంది, హోరు ఎక్కువ భాగం పక్కలా వెనకా ఉంది. వైరు మళ్లీ పెట్టి సెంటర్ 3 డెసిబెల్స్ పెంచండి, వెనకవి 6 తగ్గించండి. నైట్ మోడ్ తప్పకుండా ఆపేయాలి. అది చిన్న శబ్దాల్ని పైకి లాగుతుంది, కాబట్టి మాటకీ మాటకీ మధ్య హోరు ఉబికివస్తుంది. సౌండ్‌బార్‌లో మాట స్పష్టత మోడ్ పనికొస్తుంది గానీ రిఫరీ విజిల్ చెవిలో గుచ్చుతుంది.

రేడియో కామెంటరీ పెట్టుకోవాలంటే యాంటెనా మీద వచ్చే సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, ఏబీసీ మేలు, అవి అందరికన్నా ముందొస్తాయి. ఇంటర్నెట్ రేడియో వాటి వెనక పడుతుంది కాబట్టి టీవీని డీవీఆర్‌లో (ప్రసారాన్ని రికార్డు చేసే పెట్టె) పాజ్ చేసి, కిక్‌ఆఫ్‌లో కాలు బంతికి తగిలినట్టు రేడియోలో చెప్పగానే వదలండి. టీవీ కూడా స్ట్రీమింగే అయితే రెండిట్లో ఏది ముందో ముందుగా కనుక్కోవాలి. స్ట్రీమ్ సాధారణంగా అర నిమిషం పైన వెనకుంటుంది. గ్రూప్ చాట్ మూసేయండి, టచ్‌డౌన్ మీ తెర మీదకి రాకముందే ఫోన్లో వచ్చేస్తుంది.

నిద్రలేని_నల్లకుంట | 25 నవంబర్

హైదరాబాద్ నుంచి అడుగుతున్నా. నవంబర్ మొదట్నుంచి అన్ని మ్యాచ్‌లకీ గంట ఆలస్యంగా లేస్తే సరిపోతోంది, నా లెక్క తప్పా వాళ్ల గడియారమా?

విండో_వెంకట్ | 25 నవంబర్

వాళ్ల గడియారం. నవంబర్ 1న గంట వెనక్కి జరిపారు. అంతకు ముందు ఈస్టర్న్ సమయానికి తొమ్మిదిన్నర గంటలు కలిపేవాళ్లు, ఇప్పుడు పదిన్నర కలపండి. మధ్యాహ్నం 12 మ్యాచ్ మీకు శనివారం రాత్రి 10:30, 3:30 మ్యాచ్ ఆదివారం తెల్లవారుజామున 2, రాత్రి 7:30ది పొద్దున 6. అలారం పెట్టే ముందు రద్దయిందేమో చూడండి.

డీవీఆర్ వాడేవాళ్లకి ఒక మాట. ఈ ఏడు మ్యాచ్ పేరు మీద రికార్డింగ్ పెట్టొద్దు. వాయిదా పడితే గైడ్‌లో దానికి కొత్త ఎంట్రీ వస్తుంది, పాతది ఖాళీగా ఉండిపోతుంది. ఛానెల్, సమయం చూసి పెట్టండి, చివర గంటన్నర కలపండి. నవంబర్ 7న క్లెమ్సన్–నోటర్ డామ్ నడుస్తుండగా బైడెన్ ప్రసంగం కోసం ఎన్‌బీసీ ఆటని కాసేపు యూఎస్‌ఏ నెట్‌వర్క్‌కి తోసింది. ఎన్‌బీసీ ఒక్కటే పెట్టుకున్నవాళ్లకి మధ్యలో ప్రసంగం మిగిలింది. రెండు ఓవర్‌టైమ్‌లు, 47–40తో నోటర్ డామ్ గెలుపు, క్లెమ్సన్‌కి లారెన్స్ లేకుండా. అయ్యాక విద్యార్థులంతా మైదానంలోకి దూకారు. దూరం పాటించండని సీజనంతా చెప్పి, చివర్లో ఆ బొమ్మనే పదిసార్లు వేశారు.

ల్యాబ్_లక్ష్మి | 27 నవంబర్

టెస్టుల సంగతి కలగాపులగంగా నడుస్తోంది, విడదీస్తాను.

ఎస్‌ఈసీ (అలబామా ఉన్నది), ఏసీసీ (క్లెమ్సన్ ఉన్నది) లాంటి లీగ్‌లలో వారానికి 3 టెస్టులు. ఒహాయో స్టేట్ ఉన్న బిగ్ టెన్‌లో రోజూ యాంటిజెన్. యాంటిజెన్ పావుగంటలో తేలుతుంది, కానీ వైరస్ తక్కువున్న మొదటి రోజుల్లో తప్పిపోతుంది, అప్పుడప్పుడు లేనిదాన్ని ఉందని కూడా అంటుంది. అందుకని అందులో పాజిటివ్ వస్తే పీసీఆర్‌తో నిర్ధారించుకుంటారు. క్లెమ్సన్ గొడవలో అసలు పాఠం ఏమిటంటే, లక్షణాలున్నవాడికి నెగటివ్ వస్తే దాన్ని నమ్మి బస్సు ఎక్కించకూడదు.

పాజిటివ్ ఒక్కడే అయినా మ్యాచ్ ఎందుకు పోతుందంటే కాంటాక్టుల వల్ల. 6 అడుగుల లోపు 15 నిమిషాలు గడిపితే క్లోజ్ కాంటాక్ట్, 14 రోజులు బయట. ఒకే పొజిషన్ వాళ్లు ఒకే గదిలో మీటింగ్, ఒకే బల్ల మీద తిండి. ఒకడితో పాటు గది మొత్తం పోతుంది. ఎస్‌ఈసీ నియమం ప్రకారం 53 మంది స్కాలర్‌షిప్ ఆటగాళ్లు, ఒక క్వార్టర్‌బ్యాక్, 7 మంది ఓ-లైన్ (క్వార్టర్‌బ్యాక్‌కి కాపు కాసే వరస), అందులో ఒకడు స్నాప్ చేయగలిగినవాడు (బంతి వెనక్కి అందించి ఆట మొదలెట్టేవాడు), 4గురు డి-లైన్ (అవతలివాళ్లని ఆపే వరస) లేకపోతే వాయిదా అడగొచ్చు. 60 మంది ఉన్నా ఓ-లైన్ గది ఖాళీ అయితే ఆట లేదు. అందుకే జాగ్రత్తపడే టీమ్‌లు ఒకే పొజిషన్‌లో ప్రత్యామ్నాయాన్ని వేరే గదిలో కూర్చోబెడుతున్నాయి.

బిగ్ టెన్‌లో పాజిటివ్ వచ్చినవాడు కనీసం 21 రోజులు మ్యాచ్ ఆడకూడదు. రక్తంలో ట్రోపోనిన్, ఈసీజీ, ఎకో, గుండె ఎంఆర్‌ఐ అన్నీ అయ్యాకే. ఒహాయో స్టేట్ డాక్టర్లు 26 మంది క్రీడాకారుల్ని ఎంఆర్‌ఐలో చూస్తే 4గురిలో గుండె కండరం వాపు ఆనవాళ్లు కనపడ్డాయి. 26 చిన్న సంఖ్య, దాంతో కొండంత తీర్మానం చేయకూడదు. కానీ గుండె వాచి ఉండగా పరుగెత్తిస్తే లయ తప్పి ప్రాణం మీదకి రావచ్చు, కాబట్టి 21 రోజులు ఎక్కువనే కామెంటేటర్‌ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

టస్కలూసా_తాతారావు | 28 నవంబర్

మా కోచ్ సేబన్‌కి ఈసారి నిజంగానే వచ్చింది, ఆబర్న్ మ్యాచ్‌కి ఇంట్లోనే. అక్టోబర్‌లో పాజిటివ్ అని, వరసగా నెగటివ్‌లు వచ్చి, జార్జియా మ్యాచ్ రోజుకి బయటకొచ్చాడు కదా, అది దేని కిందకి వస్తుంది లక్ష్మి గారూ?

ల్యాబ్_లక్ష్మి | 28 నవంబర్

తప్పుడు పాజిటివ్. లక్షణాలు లేనివాళ్లకి 24 గంటల ఎడంతో వరసగా పీసీఆర్ చేసి అన్నీ నెగటివ్ అయితే వదిలే నియమం ఎస్‌ఈసీలో ఉంది. నియమం సబబే. మామూలు ఉద్యోగికి ఒక రిజల్ట్ కోసం రోజుల తరబడి ఎదురుచూపు ఉన్న చోట, కోచ్‌కి రోజుకొకటి దొరకడమే జనానికి గుచ్చుకుంది.

ఇదే రోజు వాండర్‌బిల్ట్ జట్టులో కిక్కర్లు క్వారంటైన్‌లో ఉండడంతో సాకర్ గోల్‌కీపర్ సారా ఫుల్లర్ కిక్‌ఆఫ్ చేసింది. పవర్ ఫైవ్ (అయిదు పెద్ద లీగ్‌లు) ఆటలో ఆడిన మొదటి మహిళ. ఎత్తుగా కాకుండా కావాలనే నేలబారుగా 30 గజాల దాకా కొట్టింది, రిటర్న్ లేకుండా. "సరిగా తగల్లేదు" అన్నవాళ్లు స్క్విబ్ కిక్ అంటే ఏమిటో చూసుకోవాలి.

విండో_వెంకట్ | 9 డిసెంబర్

మిషిగన్–ఒహాయో స్టేట్ రద్దు. 1918 నుంచి ఒక్క ఏడాది కూడా ఆగని పోరు. ఈఎస్‌పీఎన్ కామెంటేటర్ హెర్బ్‌స్ట్రీట్ వారం ముందే మిషిగన్ కావాలని తప్పుకోవచ్చన్నట్టు టీవీలో మాట్లాడి, ఆ రాత్రే క్షమాపణ చెప్పాడు.

బాబాయ్‌కి కోపం వచ్చినా చెప్పాలి. ఈ గందరగోళం వైరస్ ఒక్కదాని వల్ల కాదు, క్యాలెండర్ వల్ల. ఎస్‌ఈసీ సెప్టెంబర్ 26న 10 మ్యాచ్‌లతో మొదలెట్టింది, మధ్యలో బై (ఖాళీ వారం), చివర్లో డిసెంబర్ 12ని ముందుగానే ఖాళీగా ఉంచింది. ఏ మ్యాచ్ పోయినా పెట్టుకోవడానికి చోటుంది. బిగ్ టెన్ ఆగస్టు 11న ఆపేసి, సెప్టెంబర్ 16న మళ్లీ ఒప్పుకుని, అక్టోబర్ 23న మొదలుపెట్టి, 8 వారాల్లో 8 మ్యాచ్‌లు బై లేకుండా ఇరికించింది. అక్కడ పోయిన మ్యాచ్ పోయినట్టే. పైగా ఫైనల్‌కి కనీసం 6 ఆడాలని రూలు పెట్టి, ఒహాయో స్టేట్ 5 దగ్గర ఆగేసరికి ఇవాళ ఆ రూలే తీసేశారు. లేకపోతే ఆ చోటు దక్కాల్సిన ఇండియానా వాళ్ల మొహం చూడండి.

బకై_బాబాయ్ | 9 డిసెంబర్

కోపం ఎందుకు, నిజమే. కానీ ఇండియానాని 42–35తో ఓడించింది మేమే. 6 అనే అంకె మొదట పెట్టిందే తొందరపాటు.

పీచ్‌ట్రీ_పెద్దబ్బాయి | 10 డిసెంబర్

ఈ ఏడాది మంచి కూడా చెప్పుకోవాలి. మామూలుగా మ్యాచ్‌లు ఏళ్ల ముందు ఒప్పందాలతో కుదురుతాయి. లిబర్టీ తప్పుకుందని తెలిశాక బీవైయూ–కోస్టల్ కరోలినా రెండు రోజుల్లో కుదిరింది, యూటా నుంచి సామాన్ల ట్రక్కు దేశం దాటి కాన్వే చేరింది. రెండు ఓటమి లేని జట్లు, 22–17. ఆఖరి ఆటలో జాక్ విల్సన్ పాస్ డాక్స్ మిల్నీ పట్టాడు, గోల్ లైన్‌కి ఒక్క గజం ఇవతల పడేశారు, గడియారం సున్నా. కాంట్రాక్టులు లేకుండా మంచి జట్లు మంచి జట్లతో ఆడితే ఇలా ఉంటుంది.

విండో_వెంకట్ | 11 డిసెంబర్

మంచి ముక్క. నిన్నటి వార్త కూడా కలపండి, 2024 నుంచి ఎస్‌ఈసీ మధ్యాహ్నం మ్యాచ్ సీబీఎస్ నుంచి ఈఎస్‌పీఎన్, ఏబీసీలకి వెళ్తోంది. ఏడాదికి 30 కోట్ల డాలర్ల చుట్టూ అంటున్నారు. స్టేడియాలు ఖాళీగా ఉన్న ఏడాదే టీవీ ధర పెరిగింది. ఆటగాడికి దక్కింది ఈ సీజన్‌ని అర్హతలో లెక్కించకపోవడం, అంటే ఇంకో ఏడాది ఉచితంగా ఆడే అవకాశం.

బకై_బాబాయ్ | 20 డిసెంబర్

బిగ్ టెన్ ఫైనల్లో నార్త్‌వెస్టర్న్ మీద 22–10, ట్రే సర్మన్ పరుగు 331 గజాలు, రిసీవర్ ఒలావే లేకుండానే. 6–0తో నాలుగు జట్ల ప్లేఆఫ్‌లో ఉన్నాం. తిట్టేవాళ్లు తిట్టండి.

టస్కలూసా_తాతారావు | 20 డిసెంబర్

8–1 టెక్సస్ ఏ అండ్ ఎం ఐదో స్థానంలో మిగిలింది బాబాయ్, ఆ మాట కూడా రాయాల్సింది. నోటర్ డామ్ నిన్న 34–10తో ఓడి కూడా లోపలికొచ్చింది. 6 మ్యాచ్‌లు ఆడినవాడి కాళ్లూ 11 ఆడినవాడి కాళ్లూ జనవరిలో ఒకటి కావు. గెలుపోటముల కన్నా నాకు అదే అన్యాయంగా ఉంది.

సెమీస్‌లో ఒకటైన రోజ్ బౌల్ సంగతి విన్నారా? కాలిఫోర్నియా ఆటగాళ్ల తల్లిదండ్రుల్ని కూడా రానివ్వనన్నందుకు ఆటనే టెక్సస్‌లోని ఆర్లింగ్‌టన్‌కి మార్చేశారు. పర్వతాల మీద పొద్దు వాలే ఆ షాట్ లేకుండా రోజ్ బౌల్ అట. పైకప్పు కింద!

నిద్రలేని_నల్లకుంట | 20 డిసెంబర్

సెమీస్ మాకు ఎన్నింటికి?

విండో_వెంకట్ | 20 డిసెంబర్

జనవరి 2 తెల్లవారుజామున 2:30కి ఆర్లింగ్‌టన్‌ది, పొద్దున 6:30కి న్యూ ఆర్లీన్స్‌ది. ఫైనల్ జనవరి 12 పొద్దున 6:30, భోగికి ముందు రోజు.

రిమోట్_రాంబాబు | 2 జనవరి 2021

న్యూ ఆర్లీన్స్ సెమీస్ షుగర్ బౌల్‌లో హెర్బ్‌స్ట్రీట్ పాజిటివ్ వచ్చి ఇంటి నుంచే చేశాడు, తోటి కామెంటేటర్ ఫౌలర్ స్టేడియంలో. అంత పెద్ద మ్యాచ్‌లోనూ ఇద్దరూ పెద్దగా ఢీకొనలేదంటే ఏళ్ల తరబడి కలిసి చేసిన జోడీ కాబట్టి. కొత్త జోడీలకి ఈ ఏర్పాటు ఇచ్చి తర్వాత తిట్టడం మానాలి. వచ్చే ఏడాది కరోనా పోయినా ఈ ఇంటి కామెంటరీ పోదు, చూస్తూ ఉండండి. విమానం, హోటల్ ఖర్చు మిగిలాక చిన్న మ్యాచ్‌లకి మళ్లీ ఎవడు పంపుతాడు?

టస్కలూసా_తాతారావు | 12 జనవరి

ఫైనల్లో ఒహాయో స్టేట్ మీద మా అలబామా 52–24. డెవాంటా స్మిత్ మొదటి సగంలోనే 12 క్యాచ్‌లు, 215 గజాలు, 3 టచ్‌డౌన్లు. మయామీ స్టేడియంలో 14,926 మంది. ఆట అయ్యాక టస్కలూసా వీధుల్లో మాస్కుల్లేని వేలమంది. గెలిచినందుకు ఎంత సంతోషంగా ఉందో ఆ గుంపుని చూస్తే అంత భయంగా ఉంది, రెండూ దాచలేను.

ల్యాబ్_లక్ష్మి | 12 జనవరి

ఆ వీధిలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇక్కడ ఉంటే: టెస్టు రేపే చేయించుకోవద్దు, మరీ తొందర. ఐదో రోజో ఏడో రోజో చేయించుకోండి, అప్పటిదాకా ఇంట్లో పెద్దవాళ్లకి దూరంగా పడుకోండి. ఐదో రోజు నెగటివ్ వచ్చి లక్షణాలు మొదలైతే మళ్లీ చేయించుకోండి, ఈసారి పీసీఆర్.

బకై_బాబాయ్ | 12 జనవరి

తాతారావు గారికి అభినందనలు. దారం మూయడం లేదు, సెప్టెంబర్‌లో స్టేడియాల్లోకి ఎంతమందిని రానిస్తారో తెలియగానే ఇక్కడే పెడతాను.